మా గూడెం జీపు దారి గురించి నా అభిప్రాయం



పోయిన నెల మన గోడపత్రికలో పదో తరగతి అక్క ఒకామె "అడవిలో సాహస యాత్ర" అని రాసింది. ఆదివారం నాడు వాళ్ళ ఊరి వైపు పట్నం నుంచి పెద్ద పెద్ద బండ్లు వచ్చాయని, బురదలో, బండరాళ్ళ మీద, వాగులో నడిపారని, చూడటానికి రెండు కళ్ళు చాలలేదని, మన ఏజెన్సీకి ఇలాంటివాళ్ళు ఇంకా రావాలని రాసింది. పక్కన బొమ్మ కూడా వేసింది, చక్రాల కింద నుంచి బురద ఎగురుతున్నట్టు. అందరూ దాని ముందు గుంపు కట్టి చదివారు. నేనూ రెండుసార్లు చదివాను. మొదటిసారి బాగుందనిపించింది. రెండోసారి కడుపులో ఎలాగో అయింది. అందుకే ఇది రాస్తున్నాను. అక్క మీద నాకు కోపం లేదు, రాత్రి అన్నం దగ్గర నా పక్కనే కూర్చుంటుంది. ఆమెకు చెప్పే రాస్తున్నాను.

మాది మారేడుమిల్లి మండలంలో కొండ మీద ఒక గూడెం. మేము కొండరెడ్లం. మా ఇంట్లో బడికి వచ్చింది నేనే మొదలు. తారు రోడ్డు నుంచి మా ఇంటికి ఏడు కిలోమీటర్లు. ఆ ఏడు కిలోమీటర్లలో బస్సు రాదు, ఆటో రాదు, 108 కూడా రాదు. జీపు ఒక్కటే ఎక్కుతుంది, అది కూడా నడిపేవాడికి చేతనైతేనే.

ఈ దారి ఎవరో కాంట్రాక్టరు వేసింది కాదు. నేను పుట్టకముందు మా వాళ్ళే వేశారు. ఇంటికొక మనిషి చొప్పున, రెండు ఎండాకాలాలు పలుగు, పార పట్టుకుని తవ్వారంట. ఒకచోట పెద్ద బండ అడ్డం వస్తే దాని మీద రోజంతా మంట పెట్టి, ఎర్రగా కాలాక నీళ్ళు పోసి పగలగొట్టారంట. ఆ రాళ్ళే తీసుకెళ్ళి ఎర్రమెట్ట ఎక్కుడులో పరిచారు. ఆ ఎక్కుడుకి అడ్డంగా, కొంచెం ఏటవాలుగా, మోకాలి లోపు ఎత్తున మట్టీ రాళ్ళూ కలిపి కట్టలు వేశారు. వాటిని మేము అడ్డకట్టలు అంటాం. వాన పడినప్పుడు నీళ్ళు దారి వెంబడి కిందకి పరిగెత్తకుండా ఆ కట్ట దగ్గర ఆగి పక్కన అడవిలోకి పోతాయి. ఒక్క ఎక్కుడులోనే అలాంటివి తొమ్మిది ఉన్నాయి. ఉన్నాయి అని రాశాను గానీ ఇప్పుడు సగం లేవు. అదే నేను చెప్పబోయే సంగతి.

ముందు మా మావ గురించి చెప్పాలి. మా అమ్మ తమ్ముడు. పాత కమాండర్ జీపు నడుపుతాడు. బడి ముఖం చూడలేదు, లైసెన్సు మీద సంతకం మాత్రం నేర్చుకుని పెట్టాడు. సెలవుల్లో నేను ఇంటికి వెళ్ళినప్పుడు ఆ జీపుకి నేనే క్లీనర్ని. నవ్వకండి. ఎక్కుడులో జీపు ఆగితే దూకి వెనక చక్రం కింద కర్రమొద్దు పెట్టడం నా పని. ఒక్క క్షణం ఆలస్యమైనా మావ తిడతాడు. "సదువుకునే పిల్లవి కాదేంటే, కాళ్ళు కదలవా?" అంటాడు.

మావ జీపు నడపడం చూస్తే సాహసం అని మీకు అనిపించదు. ఏడు కిలోమీటర్లకి గంట పడుతుంది. పెద్ద గేరు రాడ్డు పక్కన చిన్న రాడ్డు ఉంటుంది. అది వేస్తే నాలుగు చక్రాలకీ బలం వెళుతుంది. దాన్నే 'లో'లో పెడితే బండి ముసలమ్మలా నడుస్తుంది గానీ ఏనుగులా లాగుతుంది. ఎర్రమెట్ట మొదట్లోనే మావ అది వేసేస్తాడు. మధ్యలో వేద్దామంటే కుదరదు. స్టీరింగ్‌ని వేళ్ళతో పట్టుకుంటాడు గానీ బొటనవేళ్ళు లోపలికి పోనివ్వడు. చక్రం రాయికి కొట్టుకుంటే స్టీరింగ్ గిర్రున తిరిగి బొటనవేలు విరగ్గొడుతుందంట. ఒకసారి అలా అయి ఆరు వారాలు కూర్చున్నాడు. పెద్ద రాయి కనిపిస్తే మనలాంటివాళ్ళం రెండు చక్రాల మధ్యకి వచ్చేట్టు పోనిస్తాం. మావ చక్రాన్నే ఆ రాయి మీదికి ఎక్కిస్తాడు. ఎందుకంటే వెనక ఇరుసు మధ్యలో గుండులాంటి ఇనప డబ్బా ఒకటి కిందకి వేలాడుతూ ఉంటుంది, రాయి మధ్యకి వస్తే అదే పగులుతుంది. దిగేటప్పుడు ఫస్టు గేరులో వేసి క్లచ్ మీద నుంచి కాలు తీసేస్తాడు. ఇంజనే బండిని పట్టుకుని దింపుతుంది. బ్రేకు గట్టిగా నొక్కితే చక్రాలు బిగుసుకుని బండి జారుతుంది. ఎక్కుడులో సగంలో ఆగిపోతే బండిని పక్కకి తిప్పడు, తిప్పితే దొర్లిపోతుంది. రివర్సు వేసి వచ్చిన దారినే తిన్నగా వెనక్కి దిగి, మళ్ళీ మొదలుపెడతాడు.

వాగు దగ్గర ఇంకా మెల్లగా. ముందు నేను గానీ అన్నయ్య గానీ కర్ర పట్టుకుని నడిచి చూడాలి. నీళ్ళు వెడల్పుగా పరుచుకుని గలగలమనే చోట లోతు తక్కువ. చప్పుడు లేకుండా నున్నగా ఉన్నచోట లోతు. మోకాలు దాటితే మావ దిగడు, ఎంతమంది తొందర పెట్టినా దిగడు. దిగాక మధ్యలో గేరు మార్చడు, ఆపడు. అవతలి ఒడ్డుకి వెళ్ళాక బ్రేకు మెల్లగా రెండు మూడుసార్లు నొక్కుతాడు, తడి ఆరాలని. అప్పటిదాకా బ్రేకు పని చేయదు. ఇవన్నీ ఎవరూ పుస్తకంలో చెప్పింది కాదు.

(మావ తప్పు కూడా రాయాలి. సంత రోజు జీపులో పట్టనంతమందిని ఎక్కిస్తాడు. టాపు మీద కూడా కూర్చుంటారు. అది తప్పే. నేను చెబితే "మరి మిగిలినోళ్ళు నడిసి రావాలా?" అంటాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.)

ఇప్పుడు పోయిన ఏడాది దసరా సెలవుల సంగతి. ఇంటికి వెళ్ళిన రెండో రోజు నాలుగు బండ్లు వచ్చాయి. ముందు రోజు రాత్రి పెద్ద వాన. కింద రోడ్డు దగ్గర మావ వాళ్ళకి ఎదురయ్యాడు. "నేల ఇంకా ఆరలేదండి, రెండు రోజులు ఆగి రండి" అన్నాడు. వాళ్ళు నవ్వి, బురద కోసమే వచ్చామన్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. మర్యాదగా మాట్లాడారు. పిల్లలకి బిస్కెట్లు పంచారు. ఒక అన్న నన్ను ఏ తరగతి అని అడిగి పెన్ను ఇచ్చాడు. ఆ పెన్నుతో మూడు నెలలు రాశాను, మంచి పెన్ను.

ఎర్రమెట్ట దగ్గర వాళ్ళ మొదటి బండి కూరుకుపోయింది. అప్పుడు ఆయన ఏం చేశాడంటే రేజు పెంచాడు. చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి. ఎర్ర బురద తాటిచెట్టంత ఎత్తు లేచింది. మేమందరం చప్పట్లు కొట్టాం. నేను కూడా కొట్టాను. అందరికంటే గట్టిగా నేనే అరిచి ఉంటాను. తర్వాత వెనక నుంచి తోశాను కూడా, నా గౌను మొత్తం ఎర్రగా అయింది, అమ్మ తిట్టింది. ఆ బండి అడ్డకట్టని చీల్చుకుని పైకి పోయింది. రెండోది కూడా అదే చాలులో పోయింది. మూడోది పోలేక, ముందు బంపరుకి ఉన్న ఇనప తాడు లాగి, దారి పక్కన మా చింతచెట్టుకి చుట్టి, మిషను వేసింది. తాడు బిగిసి బండి పైకి వచ్చింది, అందరూ మళ్ళీ చప్పట్లు. చెట్టు చుట్టూ బెరడు గాజులాగా ఊడిపోయింది. సాయంత్రం వాగులో బండ్లు కడుక్కుని, చేతులు ఊపి వెళ్ళిపోయారు. కింద మేము నీళ్ళు తోడుకునే చెలమ రెండు రోజులు డీజిలు వాసన కొట్టింది.

ఆ తర్వాత ఐదు రోజుల్లో మూడు వానలు పడ్డాయి. ఎవరూ ఆ ఎక్కుడు వైపు చూడలేదు. పండగ కదా.

ఎనిమిదో రోజు చీకటి పడ్డాక మా వదినకి నొప్పులు మొదలయ్యాయి. డాక్టరమ్మ చెప్పిన తేదీకి ఇంకా పదిహేను రోజులుంది. తేదీ దగ్గర పడితే ముందే కిందకి తీసుకెళ్ళి ఉంచాలని ఆశా అక్క చెప్పింది, మేమూ అలాగే అనుకున్నాం. అన్నయ్య సిగ్నలు వచ్చే బండ మీదికి పరిగెత్తి 108కి ఫోన్ చేశాడు. తారు రోడ్డు దాకా వస్తామన్నారు. మావ జీపు తీశాడు. వదినని, అమ్మమ్మని, నన్ను ఎక్కించుకున్నాడు. నా చేతిలో టార్చి.

ఎర్రమెట్ట దిగుతుంటే సగంలో జీపు ఒక్కసారి కిందకి కూలబడింది. దిగి చూస్తే ఆ బండ్లు వెళ్ళిన రెండు చాళ్ళూ రెండు కాలవలు అయి ఉన్నాయి. నా మోకాలి పైదాకా లోతు. జీపు పొట్ట మధ్యలో ఉన్న గట్టు మీద ఆనింది, చక్రాలు గోతుల్లో వేలాడుతున్నాయి. మావ ఏం చేసినా కదల్లేదు. రాళ్ళు మోసి గోతుల్లో వేశాం. చీకట్లో, వానలో. ఎంతసేపు వేశామో తెలియదు గానీ వదిన అరుపులు మాత్రం నాకు ఇప్పటికీ వినిపిస్తాయి. చివరికి మావే అన్నాడు, "ఇంక లాబం లేదు, డోలీ కట్టండి" అని. ఆ మాట మావ నోటి నుంచి నేను ఎప్పుడూ వినలేదు. జీపు కొన్న తర్వాత మా గూడెంలో డోలీ మొయ్యలేదు.

దుప్పటీ వెదురు బొంగుకి కట్టి నలుగురు మోశారు, ఇంకో నలుగురు మార్పుకి. నేను ముందు టార్చి పట్టుకుని నడిచాను. వాగు దగ్గరికి వచ్చేసరికి వదిన ఇంక ఓర్చుకోలేకపోయింది. వాగు ఒడ్డున రాయి చాటున బిడ్డ పుట్టాడు. అమ్మమ్మ తన చీర కొంగులో చుట్టింది. వాగు మోకాలు దాటి ఉంది. అయినా దాటారు. ఆసుపత్రిలో వదినకి రక్తం ఎక్కించారు. నాలుగు రోజులకి ఇంటికి వచ్చింది. బిడ్డ బాగున్నాడు, ఇప్పుడు పట్టుకుని నిలబడుతున్నాడు. వాడికి మంచి పేరే పెట్టారు గానీ అందరూ వాగోడా అనే పిలుస్తారు.

ఇది చదివి ఎవరైనా అనొచ్చు, గోతులు పెట్టింది వాన కదా, బండ్ల మీద ఎందుకు వేస్తావు అని. నేను కూడా అలాగే అనుకుందామని చూశాను, చప్పట్లు కొట్టినదాన్ని కదా. మర్నాడు పొద్దున్నే వెళ్ళి చూశాను. అడ్డకట్ట ఉన్నచోట పైన నేల బాగానే ఉంది. కట్ట చీలినచోట నుంచే కాలవ మొదలైంది. చక్రం తిరిగి తిరిగి లోపలి మెత్తటి మట్టి పైకి తీసింది, నీళ్ళకి దారి చూపించింది. నీళ్ళకి దారి దొరికితే ఇంక ఆగవు. అదే ఏడు మా జీపు నూరుసార్లు తిరిగి ఉంటుంది, కట్టలు చెక్కు చెదరలేదు. వాళ్ళు ఒక్క పూట తిరిగారు.

ఎనిమిదో తరగతిలో మనం ఘర్షణ పాఠం చదివాం, గుర్తుందా. స్థైతిక ఘర్షణ కంటే జారుడు ఘర్షణ తక్కువ. పరీక్షకి బట్టీ పట్టి రాశాం. చక్రం మెల్లగా తిరిగితే నేలని పట్టుకుంటుంది. గిర్రున తిరిగితే జారుతుంది, పట్టు ఇంకా తగ్గుతుంది, తవ్వుకుంటూ పోతుంది. ఇంకొకటి ఏంటంటే ఒక ఇరుసుకి ఉన్న రెండు చక్రాల్లో ఒకటి గాల్లోకి లేచిందనుకోండి, మామూలు బండికి బలమంతా ఆ ఊరికే తిరిగే చక్రానికే పోతుంది, నేల మీదున్నది కదలకుండా నిలబడుతుంది. అప్పుడు రేజు పెంచితే ఏం లాభం? మావ బ్రేకు కొంచెం నొక్కి పట్టి మెల్లగా రేజు ఇస్తాడు. తిరిగే చక్రం నిదానిస్తుంది, రెండోది కదులుతుంది. సైన్సు సార్‌ని అడిగితే సరిగ్గానే చేస్తున్నాడమ్మా అన్నారు. మావకి చెబితే, "మీ సార్‌కి జీపు ఉందా?" అని అడిగాడు.

అంటే నా అభిప్రాయం ఏంటంటే, బురద ఎగరేసినవాడిని మనం మంచి డ్రైవరు అనుకుంటున్నాం. బురద ఎగిరిందంటే అక్కడ డ్రైవింగు తప్పింది అని అర్థం. అక్క వేసిన బొమ్మలో ఎగిరే బురద మా అడ్డకట్ట. నేను చప్పట్లు కొట్టింది దానికే.

బండ్లు అసలు రావొద్దని నేను అనను. అలా అంటే మా మావే నన్ను కొడతాడు. మారేడుమిల్లి నుంచి తెల్లవారుజామునే గుడిస కొండకి సూర్యోదయం చూడటానికి వెళ్ళేవాళ్ళని ఆయన కూడా తీసుకెళతాడు. ఆ డబ్బులతోనే జీపు టైర్లు మార్చాడు. మా పిన్ని వాళ్ళు రోడ్డు పక్కన బొంగులో చికెన్ అమ్ముతారు. జనం రాకపోతే వాళ్ళకి గడవదు. అడవిలో బండి నడపాలని కోరిక ఉండటం కూడా తప్పు కాదు. నాకే ఉంది. పద్దెనిమిదేళ్ళు నిండగానే లైసెన్సు తీసుకుంటానని మావ దగ్గర మాట తీసుకున్నాను. ఆడపిల్లకి జీపెందుకని అమ్మమ్మ అంటుంది, వాగు దగ్గర రాత్రి తర్వాత అనడం తగ్గించింది.

మన లైబ్రరీలో పాత పేపర్లో చదివాను. గోవాలో రెయిన్‌ఫారెస్ట్ ఛాలెంజ్ అని 2014లో ఇలాంటి బండ్ల పోటీ మొదలైందంట, వానాకాలంలోనే పెడతారంట. దానికి వేరే దారులు ఏర్పాటు చేస్తారు. అలాంటి చోట ఎంత బురద ఎగరేసుకున్నా నాకేం బాధ లేదు. ఆ దారి మీద నుంచి ఎవరి వదినా ఆసుపత్రికి వెళ్ళదు. చెట్టుకి ఇనప తాడు తిన్నగా చుట్టకూడదని, ముందు వెడల్పాటి గుడ్డ పట్టీ చుట్టి దానికి తాడు తగిలించాలని కూడా ఆ ఆట బాగా తెలిసినవాళ్ళకి నియమం ఉందంట. అంటే తెలిసినవాళ్ళకి తెలుసు. మా దగ్గరికి వచ్చినవాళ్ళు పట్టీ తీయలేదు, తొందరలో మర్చిపోయారో ఏమో. మా చింతచెట్టు ఈ ఏడు ఒక పక్కే కాసింది. రెండో పక్క కొమ్మలు ఎండిపోయాయి. ఆ చింతపండు అమ్మే అయ్య నాకు హాస్టలుకి పెట్టె కొన్నాడు.

మన సోషల్ పుస్తకంలో అల్లూరి సీతారామరాజు గారి పాఠం ఉంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి. అందరికీ ఆ తేదీ వచ్చు. దానికి ముందు సంగతి మనం అంతగా చదవం. నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయించడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన మనుషుల చేత బలవంతంగా పని చేయించి, కూలి సరిగ్గా ఇవ్వలేదు. ఆ కోపం కూడా ఆ పోరాటంలో ఉంది. అంటే అప్పుడు రోడ్డు వేసింది మన చేతులు, వాడుకుంది వేరేవాళ్ళు. మా గూడెం దారిని ఎవరూ బలవంతం చేసి వేయించలేదు. మా అవసరానికి మేమే వేసుకున్నాం. అందుకే దాన్ని ఆట కోసం పాడుచేస్తే నాకు ఎక్కువ బాధేస్తుంది.

మరి మంచి రోడ్డు వేస్తే ఈ గొడవే ఉండదు కదా అని లెక్కల టీచరు అన్నారు. నిజమే. 2025లో మన జిల్లాలో అడవితల్లి బాట పేరుతో రోడ్ల పనులు మొదలయ్యాయి. మా దారి కూడా రాసుకుని వెళ్ళారు. 2006 అటవీ హక్కుల చట్టంలో గ్రామసభ సిఫారసు చేస్తే రోడ్డుకి, బడికి, ఆసుపత్రికి అడవి భూమి ఇవ్వొచ్చని ఉంది. ఒక్కో పనికి ఒక హెక్టారు లోపు, హెక్టారుకి 75 చెట్లకి మించి కొట్టకూడదు. నేను లెక్క వేశాను. ఏడు కిలోమీటర్లు, మూడు మీటర్ల వెడల్పు అంటే 2.1 హెక్టార్లు అయింది. సార్‌ని అడిగితే, ఈ లెక్క మీ గ్రామసభలో అడగాల్సిన లెక్క అన్నారు. అయ్యకి చెప్పాను. గ్రామసభలో ఆయన లేచి అడిగాడంట, కాగితం మీద నేను వేసిన లెక్క చూపించాడంట. జవాబు ఇంకా రాలేదు. రోడ్డు వచ్చేదాకా మాకున్నది ఈ దారే.

కాబట్టి బండ్లవాళ్ళు కూడా గ్రామసభని అడిగి రావాలి. అడగడం అంటే గేటు దగ్గర రసీదు కోయించుకోవడం కాదు. గూడెం పెద్దని కలవాలి, నేల ఆరిందా అని అడగాలి, లేదంటే వెనక్కి వెళ్ళాలి. జూన్ నుంచి దసరా దాటేదాకా ఎర్రమెట్ట ఎక్కకూడదు. ముందు బండిలో మా గూడెం మనిషిని కూర్చోబెట్టుకోవాలి, అతను ఎక్కడ దిగి నడవమంటే అక్కడ దిగాలి. బండిలో పార పెట్టుకుని రావాలి. కట్ట చెదిరితే వెళ్ళేముందు మళ్ళీ కట్టి వెళ్ళాలి. సెల్ఫీ తీసుకునే టైము ఉన్నప్పుడు నాలుగు తట్టల మట్టి వేసే టైము ఉండదా? బిస్కెట్లు ఇవ్వకపోయినా పర్వాలేదు. బిస్కెట్లు ఇస్తే మేం చప్పట్లు కొడతాం, చప్పట్లు కొడితే వాళ్ళు ఇంకా రేజు పెంచుతారు. ఇందులో మన తప్పు కూడా ఉంది.

ఈ మాట రాత్రి మా గదిలో చెబితే ఇద్దరు నాతో వాదించారు. నువ్వు చెబితే పట్నంవాళ్ళు వింటారా అంది ఒకామె. వినరేమో. కానీ మన హాస్టల్లో నూట ఎనభై మందిమి ఉన్నాం, చాలామంది ఊళ్ళకి ఇలాంటి జీపు దారే ఉంది. దారికి అడ్డంగా నిలబడి "వాన పడింది, ఇవాళ వద్దు" అని చెప్పడానికి ఇంగ్లీషు రావాల్సిన పని లేదు. పోయిన ఏడాది మావ ఒక్కడే చెప్పాడు, మేం పిల్లలం ఆయన పక్కన నిలబడలేదు, బండి వెనక పరిగెత్తాం. మావ ఆ రోజు గురించి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

వార్డెన్ మేడమ్ గారికి ఒక మనవి. ప్రతి రెండో ఆదివారం మనకి బయటివాళ్ళతో ఉపన్యాసం పెడతారు కదా, ఒకసారి మా మావని పిలవండి. ఆయనకి ఉపన్యాసం చెప్పడం రాదు గానీ జీపు తెచ్చి చూపిస్తాడు. డీజిలు ఖర్చు వద్దంటాడు, భోజనం పెడితే చాలు.

అక్కకి కూడా ఒక మాట. దసరా సెలవులు ఇంకో పన్నెండు రోజుల్లో వస్తున్నాయి. ఎర్రమెట్టలో తెగిన అడ్డకట్టలు నాలుగు ఇంకా కట్టాలి, ఎండాకాలంలో ఒక్కటే కట్టగలిగాం. సెలవుల్లో మూడో రోజు మా గూడెంవాళ్ళందరం పనికి దిగుతాం. నువ్వు వస్తానంటే మావ తారు రోడ్డు దగ్గర నుంచి ఎక్కించుకుంటాడు. రంగు పెన్సిళ్ళు కూడా తెచ్చుకో, కట్ట ఎలా కడతారో బొమ్మ వేద్దువుగాని, వచ్చే నెల పత్రికలో పెడదాం. ఇంకెవరైనా వస్తే శుక్రవారం లోపు నాకు పేరు ఇవ్వండి. పలుగులు ఉన్నాయి, పారలు రెండే ఉన్నాయి.

తప్పులుంటే క్షమించండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని